గోడ అవతలి స్విచ్

కిందటి ఆదివారం లావణ్య వచ్చింది. నేను నాతవరంలో పనిచేసినప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు ఐటీఐ పూర్తిచేసి అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో చేరిందట. షేర్ ఆటోలో నర్సీపట్నం వచ్చి, ఇల్లు వెతుక్కుని, గుమ్మం బయట చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టింది. "అంతా ఇంగ్లీషే టీచర్ గారండీ. అక్కడోళ్లని అడిగితే నవ్వుతారు. మీరు తెలుగులో సెప్పీండి, రాసీసుకుంటాను," అంది. రిటైరైనా పిల్లలు మనల్ని వదలరు, ఆ మాటకొస్తే మనమూ వాళ్లని వదలం. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి కాగితం చూశాను. పైన బొమ్మ, బొమ్మ కింద పేరు, డీబర్రింగ్ మెషీన్ అని. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో దానికి అంత పెద్ద పేరు లేదు. బర్రు మిషన్ అనేవాళ్లం.

మొదటి వాక్యం చదివేసరికి ఆ నవ్వు పోయింది. మిషన్ ఆపే స్విచ్ నడిపే మనిషి చేతికి అందేలా ఉండాలి అని రాసి ఉంది. రెండోది, మెడలో గానీ చేతికి గానీ వేలాడేది ఏదీ ఉండకూడదు. మూడోది, ఒంటరిగా ఉన్నప్పుడు నడపకూడదు. లావణ్య నోట్‌బుక్ తెరిచి పెన్ను పట్టుకుని చూస్తోంది. నేను కాగితం ఒళ్లో పెట్టి మెడ తడుముకున్నాను. "ఏటండీ, కళ్లు గానీ తిరుగుతున్నాయా?" అంటూ మంచినీళ్ల కోసం కదిలింది. "ఏం లేదులే, కూర్చో. ఈ మిషన్ నేను నడిపానమ్మా," అన్నాను. "మీరా అండీ!" అని నా కళ్లద్దాల వైపూ, ఇస్త్రీ చీర వైపూ మార్చి మార్చి చూసింది. పాపం, నమ్మలేదు. ఆ పిల్లకి ఎప్పుడూ సుద్దముక్క పట్టుకున్న చెయ్యే తెలుసు.

మా అత్తవారిల్లు చింతపల్లి రోడ్డు మీద ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. జీడిపిక్కలు ఒలిచే చేతి మిషన్లకు అక్కడ కత్తులు తయారయ్యేవి. మా మావయ్య గారు ఇనుప రేకుని ప్రెస్సు కింద పెట్టి కత్తి ఆకారంలో కోసేవారు, మా ఆయన వాటికి బెజ్జాలు వేసేవారు. అలా కోసిన అంచు మీద, బెజ్జం చుట్టూ సన్నటి ఇనుప ముళ్లు లేచి ఉంటాయి. అవి చూపుకి ఆనవు. వేలికి తెలుస్తాయి గానీ, తెలిసేసరికి వేలు తెగి ఉంటుంది. ఆ ముల్లునే బర్రు అంటారు. బర్రు ఉన్న కత్తితో కోస్తే జీడిపప్పు గుండుగా రాదు, బద్దలైపోతుంది. కోసే ఆడవాళ్ల చేతులు గీరుకుపోతాయి. అందుకని ప్రతి కత్తినీ గిర్రున తిరిగే ఇనుప తీగల చక్రానికి తాకించి ఆ ముళ్లు రాల్చాలి. ఇంత చిన్న పని. ఈ చిన్న పనిలో నా ప్రాణం నెలల తరబడి ఇరుక్కుపోయింది.

అత్తమ్మ తెల్లారకముందే లేచి రాగిపిండితో సోడి అంబలి కాచేది. ఆ కమ్మటి వాసనలో షెడ్డులోని కిరసనాయిలు వాసన, కాలిన ఇనుము వాసన కలిసిపోయి, అంబలి నోట్లో పెట్టుకుంటే మేకు చప్పరించినట్టు ఉండేది. మావయ్య గారు స్నానానికి ముందు అరచేతుల్లో కిరసనాయిలు పోసుకుని, ఇంత రంపంపొట్టు వేసుకుని రుద్దుకునేవారు. ఎంత రుద్దినా గీతల్లో నలుపు పోయేది కాదు. ఆయన అన్నం దగ్గర మాట్లాడరు. కూర బాగుంటే మారు వేయించుకుంటారు, బాగోకపోతే మజ్జిగ పోయించుకుంటారు. అంతకు మించి ఆయన అభిప్రాయం చెప్పగా నేను వినలేదు. అత్తమ్మ పూర్తిగా తలకిందులు. ఆవిడ నోరు మూతపడేది అడ్డపొగ తాగేటప్పుడే. చుట్ట కాలే కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, రెండు చేతులా గిన్నెలు తోముకునేది. కొత్తలో ఒకసారి, నిప్పు నోట్లో పెట్టుకుని ఎలా ఉంటారత్తమ్మా అని అడిగాను. చుట్ట తీసి, "అలవాటైపోతే ఏదీ కాల్దే," అని మళ్లీ పెట్టుకుంది. అప్పుడు నవ్వాను. ఆ ఇంట్లో ఆ మాట నాకూ వర్తిస్తుందని తెలియక నవ్వాను.

నేను ఆ ఇంటికి వచ్చేనాటికి టీచర్ ట్రైనింగ్ పూర్తయింది. రోలుగుంట దగ్గర మా పల్లెలో ట్రైనింగ్ చేసిన మొదటి ఆడపిల్లని నేనే. ఉద్యోగం పరీక్ష రాయాల్సి ఉంది. పెళ్లి మాటలప్పుడు మా నాన్న ఆ సంగతి ఎత్తితే మావయ్య గారు, "రాయనీండి బావగారూ, మాకేటి అడ్డం?" అన్నారు. నిజమే, ఆయన ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. బర్రు మిషన్ నడిపే మనిషి అమ్మవారి పండక్కని తన ఊరు వెళ్లి తిరిగి రాలేదు. నేను వెనక అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే మావయ్య గారు వచ్చి నా వేళ్ల వైపు కాసేపు చూశారు. "రెండు దినాలు ఆ సెక్రం కాడ కూకో అమ్మా. మనిసి దొరికీదాకా," అన్నారు. మనిషి దొరకలేదు. దొరకలేదంటే, వెతకలేదు. నా చేతికింద కత్తులు నున్నగా వస్తున్నాయి, పలాస నుంచి వచ్చిన షావుకారు మెచ్చుకుని వెళ్లాడు, ఇంకెందుకు వెతుకుతారు? పనిమంతురాలన్న పేరు రావడం కంటే ఆడదానికి వేరే సంకెళ్లు అక్కర్లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన పని నేర్పిన తీరుకి వంక పెట్టలేను. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను గానీ, అంత పొదుపుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. "సెక్రం పైనుంచి నీ కాడికి తిరిగి కిందకి దిగతాది, సూసినావా? కత్తిని సెక్రం నడుం కన్నా కిందన ఆనించు. అంచు కిందకుండాల. పైకెట్టినావంటే లాక్కుని నీ మొకానికే ఇసిరీస్తాది." అంతే, ఒక పాతకత్తిని పటకారుతో పట్టుకుని పైకి పెట్టి చూపించారు. అది ఎగిరి రేకు గోడకి దిగబడింది. ఇంక ఆ పాఠం మరిచిపోతామా! నొక్కొద్దు, తాకిస్తే చాలు, పని చక్రమే చేసుకుంటుంది అన్నారు. నొక్కితే ఒక పక్క ముల్లు పోయి రెండో పక్క లేస్తుంది. చేతి తొడుగులు వద్దే వద్దు, పోగు చిక్కితే చెయ్యి మొత్తం పోతుంది. స్విచ్ తీశాక చక్రం దానంతట అది ఆగేదాకా దాని దరికి పోకూడదు. కంటికి అద్దాలు, జడ ముడిచి పైన గుడ్డ, చీర మీద చేతులు కత్తిరించిన ఆయన పాత ఖాకీ చొక్కా. చివరికి ముల్లు పోయిందో లేదో చూడ్డానికి, అత్తమ్మ దీపం ఒత్తులకు ఉంచుకున్న పత్తి. ఇంత పత్తి అంచు మీద లాగితే, ముల్లుంటే పోగు పట్టుకుంటుంది. లేకపోతే జారిపోతుంది.

ఉంగరం తీయించారు. చేతికున్న తోరం తెంపించారు. గాజులు తీయమని కొత్త కోడలితో అనలేక వాటి మీద గుడ్డ చుట్టించారు. మెడలోది మాత్రం ఆయనకీ గుర్తు రాలేదు, అత్తమ్మకీ రాలేదు, నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు. మూడు మూరల పసుపుతాడు, ఎద్దుని కట్టినా తెగనంత గట్టిది, చొక్కా లోపల వేలాడుతూనే ఉంది. దాన్ని ఎవరూ తాడుగా లెక్కపెట్టలేదు.

ఇంక స్విచ్ సంగతి. వానాకాలం షెడ్డు గోడ చెమ్మెక్కి స్విచ్ షాక్ కొడుతోందని మావయ్య గారు దాన్ని పీకి, మధ్య తలుపు అవతల, వంటింటి గోడకి బిగించారు. మా ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. నేను చక్రం బిగించిన బల్ల దగ్గర నిలబడి, అద్దాలు సర్దుకుని, "ఎయ్యండత్తమ్మా!" అని కేకేస్తే అవతల ఆవిడ వేసేది. "ఆపండత్తమ్మా!" అంటే ఆపేది. ఒక్కోసారి కూర తిప్పుతూ, "ఉండే, పోపు మాడిపోతాది!" అనేది. అలా ఒక మిషన్‌ని ఇద్దరు ఆడవాళ్లం గోడకి చెరో పక్కా ఉండి నడిపాం. నేను పిలవకుండానే ఆపిన రోజులూ ఉన్నాయి. చక్రం మోత మారితే ఆవిడకి తెలిసిపోయేది. "ఎక్కువ నొక్కీసినావే గుంటా, మూలుగుతంది," అని వంటింట్లోంచి చెప్పేది.

సాయంత్రానికి చేతులు నావి కావన్నట్టు ఉండేవి. మిషన్ ఆగిపోయినా వేళ్లలో మోత ఆగేది కాదు. పెన్ను పట్టుకుంటే అక్షరం వణికేది. ఒక పేజీ నోట్సు రాద్దామని కూర్చుని, నాలుగు వరసలు రాసి, అది నా దస్తూరీ కాదని చూసుకుని ఏడ్చిన రోజులున్నాయి. మా ఆయనతో చెబితే, "నానతో నానేటి సెప్పగల్ను?" అనేవారు. మంచి మనిషే. మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది, తిట్టడానికీ ఉండదు, ఆసరాకీ ఉండదు. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకునేదాన్ని. ఇవాళ మానేస్తానని చెప్పేద్దాం అనుకుని షెడ్డులోకి వెళ్లడం, మావయ్య గారు కోసిపెట్టిన కత్తుల గుట్ట చూసి నోరు మూసుకుని "ఎయ్యండత్తమ్మా" అనడం. నాకు మిగిలిన ఒకే ఒక్క ఆశ ఆషాఢం. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి, అత్తా కోడలూ ఒకే గుమ్మం దాటకూడదు. పరీక్ష శ్రావణంలో. ఆషాఢం నెల పొడవునా మా జీడితోటలో కూర్చుని చదువుకుంటే గట్టెక్కేస్తాను. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

నన్ను తీసుకెళ్లడానికి మా నాన్న వచ్చిన రోజునే మావయ్య గారు ఆ సంగతి తేల్చేశారు. పలాస సరుకు ఇవ్వాల్సింది ఆ నెల్లోనేనట. "ఒక గుమ్మం దాటకూడదు, అంతే గదండి బావగారూ? ఇంటి గుమ్మం దీని అత్తది. షెడ్డు గుమ్మం రోడ్డు మీదకుంది, అది దీనిది. నడిమి తలుపుకి సెక్కలు కొట్టీసినామంటే అది గుమ్మమే కాదు, గోడ. పిల్ల మా సెల్లెలింట్లో పడుకుంటాది, రెండు వీదులవతల. పంతులు గార్ని కూడా అడిగీసినాను. గుమ్మాలు వేరైతే దోసం లేదన్నారు." మా నాన్న మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా, "మీ ఇష్టం బావగారూ," అన్నాడు. ఆ రోజు మా నాన్న మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. ఆయన బస్సెక్కుతుంటే పలకరించలేదు. మావయ్య గారు తలుపు మీద అడ్డంగా మూడు చెక్కలు పెట్టి మేకులు కొడుతుంటే, అవతల అత్తమ్మ, "సెవులు పగిలిపోతున్నాయి, బేగి కానీండి," అంటోంది. ఇంట్లో ఉన్న నలుగురం బుర్రలున్నవాళ్లమే. స్విచ్ అటువైపు ఉండిపోయిందని ఒక్కరికీ తోచలేదు. తోచినా, "కేకేస్తే వినబడదేటి?" అనేవాళ్లం.

ఆ నెల ఎలా గడిచిందంటే, గడవలేదు. పొద్దున్నే రోడ్డు వైపు నుంచి షెడ్డులోకి వెళ్లేదాన్ని. మోతకి పక్కవాళ్లు గొడవపడుతున్నారని ముందు తలుపు దగ్గరికి వేసేసేవారు. పైన రేకులు, వెనక మేకులు కొట్టిన తలుపు. గోడలో ఇటుక తీసిన కన్నం ఒకటి ఉండేది, అందులోంచి అత్తమ్మ అంబలి గ్లాసు అందించేది, ముఖం కనబడకూడదని చెయ్యి మాత్రమే. నేను ఇటునుంచి అందుకునేదాన్ని. "తాగినావేటే?" అని అడిగేది. "తాగానత్తమ్మా." "మరి ఎయ్యనా?" "ఎయ్యండి." రోజంతా మా ఇద్దరి మధ్య ఇవే మాటలు. బల్ల కింద నా పుస్తకం ఉండేది. దాని మీద రోజూ పడే ఇనుప రజను ఊది ఒక పేజీ చదవబోయేదాన్ని, మావయ్య గారు ఇంకో గుట్ట కత్తులు తెచ్చి పోసేవారు.

ఆ రోజు మావయ్య గారు, మా ఆయన రేకు తేవడానికి అనకాపల్లి వెళ్లారు. మధ్యాహ్నం వాన మొదలైంది. రేకుల మీద ఆ చప్పుడుకి నా మాట నాకే వినబడటం లేదు. ఒక కత్తి చేతిలోంచి జారి మిషన్ అవతల పక్కన పడింది. ఆపమని కేకేసి, ఆగేదాకా నిలబడి, అప్పుడు తీసుకోవాలి. తెలుసు. తెలిసీ వంగాను, రోజూ కేకేసి కేకేసి విసుగొచ్చి. చొక్కా మీది గుండీ ఎప్పుడు ఊడిందో, పసుపుతాడు బయటికి జారి, చక్రం పక్కన పొడుచుకొచ్చిన ఇరుసు బోల్టుకి చుట్టుకుంది. ఒక్క చుట్టు, రెండో చుట్టు, నా మెడ బల్లకేసి దిగిపోయింది. రెండు చేతులూ బల్లకి ఆనించి వెనక్కి లాగుతున్నాను. చక్రం తీగలు చెంపకి తగులుతున్నాయి. "ఆపండత్తమ్మా" అన్నాను గానీ గొంతులోంచి గాలి కూడా రాలేదు. చచ్చిపోతున్నానని తెలిసింది. ఆ క్షణంలో దేవుడూ గుర్తు రాలేదు, అమ్మా గుర్తు రాలేదు. పరీక్షకి వెళ్లకుండానే పోతున్నాను అనుకున్నాను, ఒట్టు.

మోత ఆగిపోయింది. నేను పిలవలేదు. పిలిచినా ఆ వానలో వినబడేది కాదు, కానీ మిషన్ మూలుగు మారడం ఆవిడకి వినబడింది. తర్వాత తలుపు మీద దబదబా గుద్దుళ్లు. "ఏటైనాదే? పలకవేటే? ఓలమ్మో!" మేకులు కదల్లేదు. చక్రం ఆగింది గానీ తాడు నా మెడని బోల్టుకి బిగించేసింది. అటూ ఇటూ కదలలేను, కళ్ల ముందు నల్లగా కమ్ముకొస్తోంది. ఆవిడ ఇంటి గుమ్మం దిగి, సందు తిరిగి, రోడ్డు మీద వానలో పరిగెత్తుకుంటూ వచ్చి, ముందు తలుపు తోసుకుని, షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. ఆషాఢంలో. ఒక్కసారి చూసింది. బల్ల మీద నేను నునుపు చేసిపెట్టిన కత్తుల్లో ఒకటి తీసుకుంది. కొడుకు బతికుండగా కోడలి మెడలో తాడు కోసింది, మారుమాట లేకుండా, కూరగాయ కోసినట్టు. నేను కింద కూలబడి దగ్గుతుంటే నా పక్కన కూర్చుని తడిసిన కొంగుతో నా చెంప తుడిచింది. కాసేపటికి లేచి వెళ్లి పసుపుకొమ్ము తెచ్చి, దారానికి కట్టి, నా మెడలో వేసింది. "ఎవులితో సెప్పకు," అంది. మళ్లీ తనే, "సెప్పు. అందరికీ సెప్పు," అంది.

సాయంత్రం మావయ్య గారు వచ్చి నా మెడ మీది వాత చూశారు, చెంప మీది గీతలు చూశారు. ఆయన ముఖం పాలిపోయిన మాట నిజం. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మాట, "తాడు పొట్టిది సేసి కట్టుకుంటే సరిపోద్ది. రేపు ఒద్దులే, ఎల్లుండి కూకో." అంతే. మనసు లేక కాదు, ఆయనకి అంతకంటే వేరే దారి కనబడలేదు. అత్తమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఎల్లుండి నాను కూకుంటాను. ఇది పరీచ్చకి సదువుకుంటాది." "నీకేటొచ్చు?" అన్నారాయన. "ఇది మేస్టారమ్మ గదా. నేర్పుతాది." మావయ్య గారు ఏదో అనబోయారు. "ఆ సెక్కలు పీకీండి ముందు," అందావిడ. ఆయన పీకారు. స్విచ్ కూడా మర్నాడే బల్ల పక్కకి, చెయ్యి చాపితే అందేలా వచ్చింది. ఇన్నాళ్లూ కుదరనిది ఒక్క పూటలో ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అలా నా జీవితంలో నా దగ్గర చదువుకున్న మొదటి మనిషి మా అత్తమ్మ. మిషన్ దగ్గరికి వచ్చేముందు తన పసుపుతాడు తనే తీసి మేకుకి తగిలించింది. నేను నోరు తెరిచాను. "మీ మావకేటీ అయిపోదులే. అయితే నాకవ్వాల గాని," అంది. మొదటిరోజు ఎడాపెడా నొక్కేసింది. "పిండి రుబ్బుతున్నారేటత్తమ్మా? తాకించండి చాలు," అన్నాను. "నాకు సెప్పొచ్చినావా!" అంది గానీ చెయ్యి తేలిక చేసింది. అంచు కిందికి, చక్రం నడుముకి కింద, అద్దాలు, ఆగేదాకా ఆగడం, పత్తితో చూడటం, అన్నీ నేర్పాను. ఒక్క తప్పు కూడా పోనివ్వలేదు, కసిరాను, మళ్లీ చేయించాను. ఎందుకంత శ్రద్ధగా నేర్పానో నాకు తెలుసు. ఆవిడకి పని ఎంత బాగా వస్తే నాకు అంత తొందరగా విడుదల. ఒక్క సంగతి మాత్రం నేర్పలేదు. సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయని, రాన్రానూ ఆ తిమ్మిరి తెల్లారినా వదలదని చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెబితే మానేస్తుందేమోనని చెప్పలేదు.

పరీక్ష రాశాను. ఉద్యోగం వచ్చింది. రిజల్టు తెలిసిన రోజు మావయ్య గారు మారు కూడా వేయించుకోకుండా అన్నం దగ్గర్నించి లేచి వెళ్లి, "పాసైపోయినాదంట," అని పక్కింటివాళ్లతో అంటుంటే విన్నాను. నాతవరం, ఎస్. రాయవరం, మళ్లీ నాతవరం, ఎక్కడ వేస్తే అక్కడికి బస్సులో, ఆటోలో తిరిగాను. నేను సంచి భుజాన వేసుకుని బడికి బయలుదేరుతుంటే వెనక షెడ్డులో చక్రం మోత మొదలయ్యేది. ఎన్నేళ్లో అలాగే. ఆ మోత వినబడని మలుపు దాకా వేగంగా నడిచేదాన్ని.

లావణ్యకి ఇదంతా చెప్పలేదు. కాగితంలో ఉన్నదంతా తెలుగులో రాయించాను. వాళ్ల మిషన్‌కి పైన మూత ఉందట, మూత తీస్తే చక్రం దానంతట అదే ఆగిపోతుందట. "ఎర్ర బటన్ ఉందండి, మోచేత్తో కొట్టినా ఆగిపోద్ది," అంది గర్వంగా. సంతోషమే. మా రోజుల్లో ఆ ఎర్ర బటన్ అడ్డపొగ తాగుతూ వంటింట్లో కూర్చునేది. కానీ హాస్టల్ నుంచి కంపెనీ బస్సు, బస్సు దిగితే గేటు, గేటు దగ్గర ఫోన్ తీసేసుకోవడం, పన్నెండు గంటలు నిలబడటం, మళ్లీ బస్సు అని ఆ పిల్ల చెబుతుంటే, మూతలూ బటన్లూ పెరిగినంతగా తలుపులు పెరగలేదనిపించింది. నోట్‌బుక్ మూయబోతుంటే ఆపాను. "ఇందులో లేనిది ఒకటి రాసుకో. బిగించి పట్టుకోకు. మధ్యమధ్యలో వేరే పని ఇమ్మని అడుగు. వేళ్లు తిమ్మిరెక్కినా, తెల్లబడినా ఓర్చుకోకు, నోరు విప్పి చెప్పు, డాక్టరుకి చూపించు." లావణ్య రాసుకోలేదు. చేతులు చున్నీ కింద పెట్టుకుంది. "మొదలైపోయినాదండి," అంది మెల్లగా. ఆ పిల్ల చేతులు రెండూ బయటికి తీసి వేళ్ల కొసలు చూశాను. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, వేరే పనిలోకి మార్చమని ఆయన చేత కాగితం రాయించాను. ఆ మాత్రం ధైర్యం నాకు అరవై దాటాక వచ్చింది.

అత్తమ్మ పోయి ఏడాది దాటింది. చివరి చలికాలం ఆవిడ వేళ్లు కొసల్లో సున్నం పూసినట్టు తెల్లగా ఉండేవి. గ్లాసు పట్టుకోలేకపోయేది, రవిక హుక్కులు పెట్టుకోలేకపోయేది. పొద్దున్నే అంబలి నేనే తాగించేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నది కక్కేశాను. "అత్తమ్మా, మీకు ఒకటి దాచాను. ఆ చక్రం దగ్గర కూర్చుంటే చేతులు ఇలా అయిపోతాయని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు." ఏడుపొచ్చేసింది. ఆవిడ నా వైపు చూసి, పళ్లు లేని నోటితో నవ్వింది. "నీ మొకం. నువ్వు సెప్పాలేటే? ఆ గోడ కన్నంలోంచి నీ సెయ్యొక్కటే గదా నాకు కనబడీది, నెలంతానూ. గ్లాసు అందుకున్నప్పుడల్లా ఒణికీది. నాకు తెల్దేటి?"

"తెలిసీ ఎందుకు కూర్చున్నారత్తమ్మా?"

"నీకు ఎల్డానికో సోటుంది. నాకేటుంది?" అంది. "ఇద్దరం అందులో ఉండిపోడం ఎందికే, ఒకలు సాలదా?"